మా రక్తం సంగతేమైంది

సూర్యాపేట,
12 జూలై 2004

రంగీ,

నీ పెండ్లికి రాలేదని నా మీద కోపం ఉంటదని తెల్సు. మా నాయిన ఎర్రయ్యకు జరమొచ్చి మంచం పట్టిండు. గొర్లను తోలుకపోయేటోళ్లు లేక నేను నిడమనూరులనే ఉండిపోయిన. మల్సూర్ ఎట్లుంటడు? మిర్యాలగూడ బళ్లె ఒక్క బెంచీల కూసొని, నీకు రాబోయే మొగుని గురించి నువ్వు చెప్పిన ముచ్చట్లల్ల ఒక్కటన్నా నిజమైందా?

నాకు నౌకరి దొరికింది. హైదరాబాద్‌ల ఒక పరిశోధన సంస్థ ఉన్నది, వాళ్లు సూర్యాపేటల చిన్న ఆఫీసు పెట్టిన్రు. రాజారత్నం సారని పెద్ద డాక్టర్, ఆయన కింద పని. తాండాలల్ల జనం రక్తం తీసుకొని పరీక్ష చేస్తరు. మీ లంబాడ పిల్లలు కొందరు పుట్టిన కొన్ని నెలలకే పాలిపోయి, కడుపు ఉబ్బి పోతరు గద, అది రక్తంల తరతరాలుగ వచ్చే జబ్బట. సగం జబ్బు ఉన్నోళ్లకు ఏం గాదు, బతుకంతా మంచిగనే ఉంటరు, ఉన్నట్టు కూడ తెల్వదు. మొగుడు పెండ్లాం ఇద్దరికీ సగం సగం ఉంటేనే పుట్టే పిల్లలకు పూర జబ్బు తగిలే భయం. మీ అక్క కొడుకు గట్లనే పోయిండని నువ్వు బళ్లె ఏడ్సింది నాకింకా యాదికున్నది.

ఇప్పుడు కష్టమేందంటే, మా జీపు కనవడంగనే తాండావోళ్లు తలుపులకు గొళ్లెం పెట్టి చెల్కలకు పోతున్నరు. సార్ ఏమంటడంటే, పరిశోధనలన్నీ పట్నపోళ్ల రక్తంతోనే అయితున్నయి, తాండావోళ్లు ముందుకు రాకపోతే రేపు వచ్చే మందులు, పరీక్షలు వాళ్ల దాకా రావు అని. నాకా మాట నిజమనిపించింది. మీ భాష మాకు ఎవ్వరికీ రాదు. నువ్వు అంగన్‌వాడీ టీచర్‌వి, నీ మాట వింటరు. మా గురించి మీ తాండాల జర చెప్తవా?

నీ
యశోద

*

తాండా, పెద్దవూర మండలం,
30 జూలై 2004

యశోదా,

కోపమొచ్చింది, పోయింది. మల్సూర్ మంచోడే. మాట తక్కువ. బెంచీ మీద నేను చెప్పినోడు వేరే ఎవలో.

నువ్వడిగింది మా ఆయనకు చెప్పిన. మనకెందుకు, నడుమల పడకు అన్నడు. మా వాళ్లు తలుపులెందుకు పెట్టుకుంటరో నీకు తెల్వాలె. మా యాడి వయసుల ఉన్నప్పుడు, అదే, మా అమ్మ, ఒక జీపు వచ్చిందట. బలానికి సూదులని చెప్పి ఆడోళ్లను ఎక్కించుకపోయిన్రు. పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ చేసి దించిపోయిన్రు. అండ్ల ఒకామెకు అప్పటికి ఒక్క పిల్ల గూడ లేదు. నేను చిన్నగున్నప్పుడు ఇంకొకలు వచ్చిన్రు. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉందని మా కాళ్లు కొల్సిన్రు, ఫోటోలు తీసిన్రు, బిస్కెట్లు ఇచ్చిన్రు. మళ్ల రాలే. ఆ పిల్లలల్ల ఒకామె ఇప్పుడు కట్టె పట్టుకొని నడుస్తది. నేను సదువుకున్నదాన్నని నన్నే అడుగుతది, ఆళ్లకేం తెల్సిందే అని.

అయినా మా అక్క కొడుకు నా చేతులల్లనే పోయిండు. ఆ జబ్బుకు ఒక కారణముంటదని నీ జాబు సదివినంకనే నాకు ఎరుకైంది. ఆ కారణం మా ఇంట్ల ఉన్నదో లేదో తెల్సుకోవాలని ఉంది.

ఒక్కటే అడుగుత. రక్తం తీసుకున్నంక ఎవరిది వాళ్లకు చెప్తరా? సార్ మాట నాకొద్దు. నీ మాట గావాలె.

రంగి

*

సూర్యాపేట,
16 ఆగస్టు 2004

రంగీ,

నీ జాబు పట్టుకొని సార్ దగ్గరికి పోయిన. మొత్తం చదివి వినిపియ్యలే, సంగతి చెప్పిన. వాళ్లు అడిగింది న్యాయమే, చూద్దమమ్మా అన్నడు సార్. ఎప్పటిలోగా అంటే దసరా దాటంగనే రిపోర్టులు తయారైతయని చెప్పిండు.

నా మాట అడిగినవ్ గద. ఇస్తున్న. ఎవరి ఫలితం వాళ్లకు నేనే తెచ్చి చెప్త. ఇంతకు ముందు వచ్చినోళ్ల లెక్క మేం చెయ్యం. మీ వాళ్లకు గట్టిగ చెప్పు.

నీ
యశోద

*

తాండా,
20 సెప్టెంబర్ 2004

యశోదా,

మీరు పోయి వారమైతుంది. తాండాల ఇంకా అదే ముచ్చట. నువ్వు మా బోలీల రెండు మాటలు నేర్సుకొని వచ్చి తప్పు పలికినవ్ సూడు, పిల్లలు ఇప్పటికీ అట్లనే పలికి నవ్వుతున్నరు.

నీకు తెల్వని సంగతొకటి చెప్త. మీరొచ్చే ముందురోజు కూడ సగం మంది వద్దనే అన్నరు. మా నాయక్ హర్యా తాత లేసి, రంగి మన పిల్ల, ఆమెకు ఆ పిల్ల మాట ఇచ్చిందట, ముందు నా చెయ్యి చూపిస్త, ఏమన్నా అయితే ముసలోన్ని నేనే పోత అన్నడు. అందుకే మీరు కుర్చీ వెయ్యంగనే వచ్చి కూసున్నడు. ఆయన ఎన్నడు సూది ఏసుకోలేదంట. మల్సూర్ చెయ్యి ఇచ్చి మొకం అటు తిప్పుకున్నడు, భయపడ్డడని ఎవరికీ చెప్పకు. నేను ఆఖర్ల ఇచ్చిన.

అందరూ నన్ను నమ్మి ఇచ్చిన్రు. దసరా దాటంగనే రా. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు చేస్త.

రంగి

*

కోదాడ,
18 జనవరి 2005

రంగీ,

జవాబు రాయనీకి ఆలస్యమైంది, ఏమనుకోకు. నన్ను కోదాడకు మార్చిన్రు. ఇక్కడ అంతా వేరే తీరు. కిరాయికి ఉన్న ఇంటామె ప్రతి మాటకు అండీ అంటది, నేను మాట్లాడితే నవ్వుతది. మేళ్లచెరువు సిమెంటు లారీలు పొద్దంతా తిరుగుతుంటయి, ఆరేసిన బట్టల మీద దుమ్ము బూడిద లెక్క పడుతది.

రిపోర్టులతోని దసరా దాటంగనే రమ్మన్నవ్. హైదరాబాద్‌ల మిషన్ ఖరాబైందట. జర టైం పడుతది. మీ వాళ్లను ఓపిక పట్టమను.

నాయినకు నయమైంది. గొర్లు మాత్రం సగం అమ్మేసిండు. ఇప్పుడు ఇల్లు నా జీతం మీదనే నడుస్తుంది. మల్సూర్‌ను అడిగినట్టు చెప్పు.

యశోద

*

తాండా,
9 మార్చి 2005

యశోదా,

నీకే ముందు రాస్తున్న. నాకు మూడో నెల. మా అత్త ఇంకా ఎవరికీ చెప్పొద్దన్నది, నువ్వు ఎవరి కిందికీ రావు అనుకొని రాస్తున్న.

సంతోషంగనే ఉంది, గని రోజూ మా అక్క కొడుకు యాదికొస్తుండు. మిషన్ బాగైందా? తాండావోళ్లయి అన్నీ రాకున్నా సరే, నాది, మల్సూర్‌ది రెండే చూసి చెప్పు. ఇద్దరికీ సగం సగం ఉంటేనే భయమని నువ్వే రాసినవ్ గద. మాకున్నదో లేదో తెలిస్తే చాలు.

హర్యా తాత నేను బావి కాడికి పోయినప్పుడల్లా అడుగుతడు, మా రక్తం సంగతేమైంది బిడ్డా అని. కోపంతోని అడగడు. అందుకే జవాబు చెప్పనీకి ఇంకా కష్టమైతుంది.

రంగి

*

కోదాడ,
4 ఏప్రిల్ 2005

రంగీ,

నీ జాబు చూసి చాలా సంతోషమైంది. బరువులు ఎత్తకు. ఆకుకూరలు బాగ తిను, మునగాకు మంచిది. ఐరన్ గోళీలు మీ సెంటర్లనే ఉంటయి, అందరికీ ఇచ్చి నువ్వు మర్సిపోతవ్, మర్వకు. బస్సుల తిరుగుడు తగ్గించు.

సార్ ఊర్ల లేడు. వచ్చినంక అడుగుత.

యశోద

*

తాండా,
22 జూన్ 2005

యశోదా,

నీ జాబుల ఆకుకూరల సంగతి ఉంది. రక్తం సంగతి లేదు. ఇగ నేను అడగ.

రంగి

*

మిర్యాలగూడ,
11 జూన్ 2006

యశోదా,

ఏడాదైంది నీకు రాసి. దవాఖానల కూసొని రాస్తున్న.

నాకు బిడ్డ పుట్టింది. శీతల్ అని పేరు పెట్టినం. పుట్టినప్పుడు మంచిగున్నది, అందరి కంటె తెల్లగుందని మా అత్త మురిసింది. ఆ తెలుపు మంచిది గాదని నాకు నాలుగైదు నెలలకే అనుమానమైంది. పాలు తాగుతనే అలసిపోయేది. మా అక్క కొడుకు మొకం నా బిడ్డకు వచ్చింది యశోదా. నేను ఎవరికీ చెప్పలే. మల్సూర్ కూడ చూస్తుండు, ఆయన కూడ నాకు చెప్పలే.

ఇక్కడి డాక్టరమ్మ పరీక్ష చేయించింది. నువ్వు చెప్పిన జబ్బే. పూర జబ్బు. నెలనెలా రక్తం ఎక్కియ్యాలె, బతికినన్ని రోజులు. మాకిద్దరికీ సగం సగం ఉన్నదని చెప్పింది. ఇంతకు ముందు మీరు ఎన్నడన్నా రక్తపరీక్ష చేయించుకున్నరా అని అడిగింది. చేయించుకున్నం అన్న. ఏం వచ్చింది అన్నది. నేను మల్సూర్ దిక్కు చూసిన. ఆయన బయటికి పోయిండు.

ఇప్పుడు బిడ్డకు రక్తం ఎక్కుతుంది. చెయ్యి కదపకుండ పట్టుకోమన్నరు, నిద్రపోయింది కాబట్టి రాస్తున్న.

నాకొక్కటే చెప్పు. మిషన్ నిజంగ ఖరాబైందా?

రంగి

*

కోదాడ,
2 జూలై 2006

రంగీ,

లేదు. మిషన్ ఖరాబు కాలే.

నీ బిడ్డ గురించి చదివి ఎన్ని కాయితాలు రాసి చింపిన్నో నాకే తెల్వదు. ఏడుస్తున్న అని రాస్తే ఏం లాభం. జరిగింది జరిగినట్టు రాస్త.

మీ తాండా రిపోర్టులు ఆ ఏడాది డిసెంబర్లనే వచ్చినయి. వాటి మీద పేర్లు ఉండవు, నంబర్లు ఉంటయి. తాండాలల్ల ఎంతమందికి ఈ జబ్బు సగం ఉన్నదో లెక్క తీసుడే పరిశోధన అని మీటింగుల చెప్పిన్రు. ఎవరిది వాళ్లకు చెప్పాలంటే మనుషులు గావాలె, వివరించాలె, అది ప్లానులనే లేదన్నరు. నేను లేసి, మాటిచ్చిన సార్ అన్న. రాజారత్నం సార్ కోపం చెయ్యలే. నేను చూద్దమన్న గదమ్మా, నువ్వు మాటెందుకిచ్చినవ్ అన్నడు. ఆయన అన్నది నిజం. చూద్దం అనే మాటను ఇస్తం అని నీకు రాసింది నేనే. మీరు రక్తం ఇయ్యాలని, నా పని మంచిగ కావాలని రాసిన.

ఇంకొక్కసారి అడిగిన. అడిగినంక కోదాడకు మార్చిన్రు. మూడోసారి అడిగితే నౌకరి పోతదని భయపడ్డ. నాయిన గొర్లు అమ్మిండని రాసిన గద, అది నీకు ముందుగనే చెప్పి పెట్టుకున్న సాకు.

దీనికంటె పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. నువ్వు మూడో నెల అని రాసిన రోజు, కడుపుల ఉన్నప్పుడే ఈ జబ్బు తెల్సుకునే పరీక్ష హైదరాబాద్‌ల ఉందని నాకు తెల్సు. ఆఫీసుల దాని గురించి మాకు క్లాసు కూడ చెప్పిన్రు. ఆ పరీక్ష సంగతి రాస్తే, రిపోర్టులు ఏమైనయని నువ్వు అడుగుతవ్. అందుకే మునగాకు గురించి రాసిన.

నీ జాబు వచ్చినంక హైదరాబాద్ పోయిన. సార్ రూం బయట కూసున్న. పొమ్మన్నరు, పోలే. రెండో రోజు సారే వచ్చి లోపలికి పిలిచిండు. నీ బిడ్డ సంగతి చెప్పిన. ఆయన కండ్లద్దాలు తీసి చాలాసేపు తుడ్సుకున్నడు. నంబర్లకు పేర్లు కలపమని ఆఫీసోళ్లకు చెప్పిండు. రంగీ, ఆ పనికి ఒక్క మధ్యాహ్నం పట్టింది. అంతే. రెండేండ్లు మీరు ఎదురుచూసింది ఆ ఒక్క మధ్యాహ్నం పనికి.

వచ్చే ఆదివారం తాండాకు వస్తున్న. ఎవరిది వాళ్లకు చెప్త. రావద్దని రాసినా వస్త. నన్ను ఏమన్నా పడుత.

యశోద

*

తాండా,
25 జూలై 2006

యశోదా,

నువ్వొచ్చినప్పుడు నీతోని మాట్లాడలే. మాట్లాడితే నలుగురి ముందట ఏమంటనో అని భయమైంది.

మా వాళ్లు నిన్ను కొట్టలే, తిట్టలే. నువ్వు దానికే తయారయి వచ్చినట్టున్నవ్. నువ్వు చేసిన తప్పంతా నిలవడి చెప్పినవ్. హర్యా తాత ఒక్కటే అడిగిండు. నువ్వు గూడ రక్తం ఇచ్చినవా బిడ్డా అన్నడు. మాది అవసరం లేదన్నరు తాతా, మీదే గావాలన్నరు అన్నవ్. ఆయన తువ్వాల భుజం మీద ఏసుకొని పోయిండు. ఆ తర్వాత ఒక్కొక్కరిని పక్కకు పిలిచి చెప్పినవ్. మంచిగనే చెప్పినవ్. కట్టె పట్టుకొని నడిచే ఆమె నీ దగ్గర చాలాసేపు కూసున్నది. ఇన్నేండ్లల్ల ఒకలన్నా తిరిగొచ్చిన్రు అన్నది నాతోని. నాకా మాట మంచిగనిపియ్యలే. నీకది తగదనిపించింది.

ఇప్పుడు నా మాట విను. శీతల్ ఇప్పుడు పాకుతుంది. రక్తం ఎక్కిచ్చినంక వారం పది రోజులు ఎగిరెగిరి పడుతది, నవ్వుతది. అట్ల నవ్వినప్పుడు నేను ఆలోచిస్త. ముందే తెల్సుంటే ఏం చేసేదాన్ని? ఈమె వద్దనుకునేదాన్నేమో. ఏమైనా గానీ అని ఉంచుకునేదాన్నేమో. ఎంత ఆలోచించినా తెలుస్తలేదు. ఏదైనా నేను, మల్సూర్ కూసొని అనుకునేటోళ్లం. ఆ అనుకునుడు మాది. దాన్ని నువ్వు మాకు లేకుండ చేసినవ్.

జబ్బు నువ్వు ఇయ్యలేదు. అది నాకు తెల్సు. అందుకే నిన్ను పూర తిట్టనీకి గూడ వస్తలేదు.

కొన్ని రోజులు నాకు రాయకు.

రంగి

*

మిర్యాలగూడ,
14 ఫిబ్రవరి 2007

రంగీ,

రాయొద్దన్నవ్. ఒక్క సంగతి నీకు వేరేటోళ్ల నోట తెల్వకూడదని రాస్తున్న.

నేను ఆ నౌకరి మానేసిన. మిర్యాలగూడల ఒక మందుల షాపుల కూసుంటున్న. శీతల్‌ను చూసే డాక్టరమ్మ నేను తాండాలల్ల పని చేసిన్నని తెల్సి మొన్న నన్ను పిలిపించింది. తాండాలల్ల పెండ్లి కావాల్సినోళ్లకు, కొత్తగ పెండ్లయినోళ్లకు రక్తపరీక్ష చేసి, ఎట్ల చెప్తే వాళ్లకు మేలైతదో చూసే పరిశోధన మొదలువెడుతుందట. జనాన్ని ఒప్పిస్తవా అని నన్నడిగింది. నా వల్ల కాదన్న. ఎందుకు కాదో కూడ చెప్పిన, ఏమీ దాచలే.

జీపు పంపకండి, ఎవరినీ ఒప్పియ్యకండి, ముందు పోయి వాళ్లు ఏం అడుగుతరో వినండి అన్న. ఎవరి దగ్గరికి పోవాలె అంటే నీ పేరు చెప్పిన. అది గూడ నిన్ను అడగకుండనే చేసిన. కోపమొస్తే ఆమెను తిప్పి పంపు. నిన్ను ఏదీ అడిగే మొకం నాకు లేదు.

యశోద

*

తాండా,
6 జనవరి 2008

యశోదా,

డాక్టరమ్మ బస్సుల వచ్చింది. రెండుసార్లు తిప్పి పంపిన. మూడోసారి వచ్చినప్పుడు, నన్నేం చెయ్యమంటవో చెప్పు అన్నది. అప్పుడు కూసోమన్న.

తాండా అంతా కూసొని మాట్లాడుకున్నం. మా వాళ్లు ఏం గావాలన్నరంటే, మా బోలీల చెప్పాలె. మా తాండా పిల్లనొకదాన్ని పనిల పెట్టుకోవాలె. తీసుకున్న రక్తానికి జవాబు తెచ్చినంకనే ఇంకొక తాండాకు పోవాలె. వద్దన్నోళ్లను మళ్ల అడగొద్దు. ఆమె అన్నిటికీ ఒప్పుకున్నది. అయినా ఎవ్వరూ లేవలే. అందరూ నా దిక్కే చూస్తున్నరు.

నేను నిలవడ్డ. ఇద్దామని చెప్పిన. నా బిడ్డను చూస్తనే ఉన్నరు గద, ఇంకొక ఇంట్ల ఇట్ల కావద్దంటే మన రక్తం గురించి మనకే తెల్వాలె అన్న. వెనుక నుంచి ఒకామె, మళ్ల రాకపోతే ఎట్లనే అన్నది. వస్తరని నేను చెప్పలే. రాకపోతే నేను పోయి తెస్త అన్న. మాట ఇచ్చుడు ఎంత బరువో ఆ పొద్దు తెల్సింది. నువ్వు ఒక జాబుల ఎట్ల రాసేసినవో అనుకున్న.

జవాబులు నెల లోపల్నే వచ్చినయి. చెప్పే పని నాకే ఇచ్చిన్రు. అండ్ల మల్సూర్ తమ్మునిది, ఆయనకు మాట్లాడుకున్న పిల్లది ఉన్నది. ఇద్దరికీ సగం సగం. వాళ్లు ఒకరినొకరు ఇష్టపడి ఇండ్లల్ల ఒప్పించుకున్నరు, బట్టలు గూడ తెచ్చినం. ఆ కాయితం చేతుల పట్టుకొని ఒక రోజంతా ఎవరికీ చెప్పలే. చెప్పకపోతే ఏమైతదిలే, వాళ్లకు మంచి పిల్లలే పుడుతరేమో అనుకున్న. యశోదా, నేను గూడ అనుకున్న. నువ్వు నెలలకు నెలలు ఎట్ల ఊకున్నవో అప్పుడు అర్థమైంది. అర్థమైందంటే సరే అన్నట్టు కాదు.

తెల్లారి చెప్పిన. మా మరిది నాతోని మాట్లాడుడు బందు చేసిండు. పిల్ల తల్లి ఇంటి ముందుకొచ్చి నన్ను శపించింది, నీ బిడ్డకున్నదని అందరి పిల్లలకు అంటగడుతున్నవ్ అన్నది. పెండ్లి ఆగింది. నేను ఏడ్సిన, గని చెప్పినందుకు ఏడ్వలే.

పోయిన వారం ఆ ఇద్దరే నా దగ్గరికి వచ్చిన్రు. పిల్ల అడిగింది, వదినా, కడుపుల ఉన్నప్పుడే తెలుస్తదంటవు గద, ప్రతిసారి పరీక్ష చేయించుకుంటే పెండ్లి చేసుకోవచ్చునా అని. చేసుకోవచ్చు, గని ఆ పరీక్ష తర్వాత వచ్చే జవాబును మీరిద్దరే మొయ్యాలె, ఇంకెవరూ మొయ్యరు అన్న. మా మరిది తల ఊపిండు. చేసుకుంటమని వాళ్లే ఇండ్లల్ల చెప్పుకున్నరు. తెల్సి చేసుకుంటున్నరు. నాకు గంతే చాలు.

మాఘంల పెండ్లి. నిన్ను పిలువమని హర్యా తాత అన్నడు. నేను ఇప్పుడే పిలుస్తలేను. నా బిడ్డ బల్ల మీద పండుకొని సూది గుచ్చినప్పుడు ఏడుస్తది చూడు, అప్పుడు నా మనసుల నీ మీద ఇంకా మండుతది. పండుగ బట్టలు కట్టుకొని నువ్వు మా నడుమ తిరుగుతుంటే ఓర్చుకునేంత పెద్ద మనసు నాకు రాలే.

వచ్చే మంగళారం శీతల్‌ను మిర్యాలగూడ తెస్తున్న. రక్తం ఎక్కనీకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతది. మల్సూర్‌కు నాట్ల పని ఉంది, నేనొక్కదాన్నే వస్త. షాపుకు సెలవు పెట్టి రా. బిడ్డ నీళ్లు అడిగితే నేను లేసి పోవాలంటే చెయ్యి పట్టుకునేటోళ్లు ఉండరు. నువ్వు పట్టుకో. మనం ఏం మాట్లాడుకోకపోయినా సరే.

రంగి